ఎర్త్ గొయ్యి ఉంది కదా అంటే సరిపోదు

విజయనగరంలో కరెంటు సామాన్ల షాపు నడుపుతున్నాను. కొత్తగా ఇల్లు కడుతున్నవాళ్లు, పాత ఇంటికి వైరింగ్ మార్పిస్తున్నవాళ్లు, వాళ్ల తరఫున మేస్త్రులు రోజూ లిస్టులు పట్టుకుని వస్తుంటారు. చీపురుపల్లి, గజపతినగరం, నెల్లిమర్ల నుంచి వస్తారు, అటు రాజాం, పాలకొండ వైపు నుంచి కూడా వస్తారు. మొత్తం బిల్లు ఎంతవుతుందో చెప్పగానే ఎక్కడ తగ్గించుకోవచ్చా అని చూస్తారు. స్విచ్‌ల కంపెనీ మార్చడానికి ఒప్పుకోరు, అవి గోడ మీద నలుగురికీ కనబడతాయి. ఫ్యాన్ల జోలికీ వెళ్లరు. మొదట కొట్టేసేది, కరెంటు లీకైతే సప్లయి ఆపేసే ఆర్‌సీసీబీని. తర్వాత ఎర్త్ కోసం వేసే ఆకుపచ్చ వైరు కాయిల్స్‌ని సగానికి తగ్గిస్తారు.

కారణం అడిగితే ఎక్కువమంది చెప్పేది ఒకటే మాట: "ఎర్త్ గొయ్యి తవ్వించేసినాం కదా బాబూ, మళ్లీ ఇదేటి?"

ఎర్త్ గొయ్యి అంటే లీకైన కరెంటు భూమిలోకి పోవడానికి పైపో పలకో పాతిపెట్టే గొయ్యి. ఈ వ్యాసం ఆ ప్రశ్నకి జవాబు. ఆర్‌సీసీబీ అమ్ముడుపోతే నాకు నాలుగు డబ్బులు మిగులుతాయి, ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను. అందుకే నా మాట మీద నమ్మమని అడగడం లేదు. లెక్క చూడండి, రూలు చదవండి. రూలు ఎక్కడ దొరుకుతుందో కూడా కింద రాస్తున్నాను, ఎందుకంటే అది వెతుక్కోవడమే అసలు కష్టం.

ముందు లెక్క. మీ ఇంట్లో ఫ్రిజ్ లోపల కరెంటు తెచ్చే ఫేజు వైరు ఒరుసుకుపోయి ఇనప బాడీకి తగిలిందనుకోండి. బాడీకి ఎర్త్ వైరు ఉంది, అది పెరట్లో గోతిలోకి వెళ్లింది. అప్పుడు కరెంటు ఆ గోతిలోంచి భూమిలోకి దిగి, భూమి గుండానే వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరున్న ఎర్త్‌కి చేరాలి. మట్టి రాగి తీగ కాదు, దానికి నిరోధం ఉంటుంది. మామూలుగా ఇంటి గొయ్యికి ఒక ఇరవై ఓమ్‌లు అనుకుందాం. 230 వోల్టులని 20తో భాగిస్తే పదకొండున్నర ఆంపియర్లు. ట్రాన్స్‌ఫార్మర్ వైపు నిరోధం కూడా కలిపితే ఇంకాస్త తక్కువ.

ఆ ప్లగ్గుకి మీరు పెట్టుకున్నది 16 ఆంపియర్ల ఎంసీబీ, అంటే కరెంటు మరీ ఎక్కువైతే దానంతట అదే పడిపోయి సప్లయి ఆపే స్విచ్. దానికి పదకొండు ఆంపియర్లు అంటే లెక్కలోకి రాని లోడు, గీజరు వేసినప్పుడు పోయే కరెంటు కన్నా కాస్త ఎక్కువ, అంతే. అది పడిపోదు. గంట కాదు, రోజంతా ఉన్నా పడిపోదు. ఇళ్లలో ఎక్కువగా వాడే సి రకం ఎంసీబీ వెంటనే పడిపోవాలంటే దాని రేటింగుకి ఐదు నుంచి పది రెట్లు కరెంటు కావాలి. అంటే 16 ఆంపియర్ల దానికి కనీసం 80. మీ గొయ్యి అంత కరెంటుని మోయాలంటే దాని నిరోధం మూడు ఓమ్‌ల లోపు ఉండాలి. మన ఎర్రమట్టి నేలల్లో, అదీ మే నెలలో, మామూలు ఇంటి గొయ్యికి అది జరిగే పని కాదు.

ఎంసీబీ పడలేదు కాబట్టి ఫ్రిజ్ బాడీ మీద వోల్టేజీ అలాగే నిలబడి ఉంటుంది. రెండొందలకి అటూ ఇటూ. మీటరు తిరుగుతూనే ఉంటుంది. ఇంట్లో ఎవరికీ ఏమీ తెలియదు, తడి కాళ్లతో ఎవరో ఒకరు వెళ్లి ఫ్రిజ్ తలుపు పట్టుకునేదాకా. ఎర్త్ గొయ్యి ఉంది. గొయ్యిలో బొగ్గు ఉంది, ఉప్పు ఉంది, పైపు ఉంది. అన్నీ ఉండి కూడా మనిషికి షాక్ కొడుతుంది.

ఆర్‌సీసీబీ చేసే పని వేరు. పొద్దున్న మేతకి తోలిన ఆవులన్నీ సాయంత్రం తిరిగొచ్చాయా లేదా అని లెక్కపెట్టుకునే కాపరి లాంటిది అది. ఫేజులో వెళ్లిన కరెంటు అంతా న్యూట్రల్‌లో తిరిగి వస్తోందా అని చూస్తూ ఉంటుంది. 30 మిల్లీ ఆంపియర్లు, అంటే ఒక ఆంపియరులో వందో వంతుకి మూడింతలు తేడా వచ్చిందంటే మెయిన్ పడగొట్టేస్తుంది. స్టాండర్డు ప్రకారం ఆ తేడాకి సెకనులో మూడో వంతు లోపు పడాలి, తేడా అయిదు రెట్లయితే 40 మిల్లీ సెకన్ల లోపే పడాలి. ఇంతకు ముందు చెప్పిన పదకొండు ఆంపియర్లు దాని దృష్టిలో చాలా పెద్ద లీకేజీ. గొయ్యి పాడైపోయి రెండొందల ఓమ్‌లకి చేరినా సరే, ఒక ఆంపియరు పైన పోతుంది కాబట్టి ఆర్‌సీసీబీ పడుతుంది.

గొయ్యి దండగ అని కాదు. గొయ్యి లేకుండా ఆర్‌సీసీబీ ఒక్కటే ఉంటే, లీకేజీ కరెంటుకి భూమిలోకి వెళ్లే దారి ఉండదు. మనిషి వెళ్లి ముట్టుకున్నాకే దారి దొరుకుతుంది, అప్పుడే అది పడుతుంది. ప్రాణం దక్కొచ్చు గానీ షాక్ తప్పదు. రెండూ ఉంటే మనిషి ముట్టుకునే లోపే, బాడీకి ఫేజు తగిలిన క్షణంలోనే కరెంటు పోతుంది. ఎంసీబీ మూడోది, అది వైరు కాలిపోకుండా చూస్తుంది. మూడూ వేర్వేరు పనులు. ఒకటి పెట్టాం కాబట్టి ఇంకొకటి అక్కర్లేదు అనడానికి వీల్లేదు.

ఇది నా అభిప్రాయం కాదు, చట్టంలో ఉన్న మాట. ఇళ్లకి 30 మిల్లీ ఆంపియర్లకి మించని లీకేజీకే సప్లయి ఆపేసే పరికరం ఉండాలని, చాలా తక్కువ లోడున్న కనెక్షన్లకి మాత్రం మినహాయింపునిస్తూ, కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నియమాలు చెబుతున్నాయి. 2010 నియమాల్లో ఉంది, వాటి స్థానంలో వచ్చిన 2023 నియమాల్లోనూ ఉంది. ఒక ఏసీ, ఒక గీజరు ఉన్న ఇల్లేదీ ఆ మినహాయింపు కిందకి రాదు.

మరి ఎవరికీ తెలియదెందుకు? రూలు ఒక్క చోట లేదు కాబట్టి. ఇంజనీరింగ్ చదివిన కుర్రాళ్లు కూడా ఇక్కడే తికమక పడుతున్నారు. నాకు అర్థమైన వరుసలో చెప్తాను.

అన్నిటికన్నా పైన 2003 విద్యుత్ చట్టం. దాని 53వ సెక్షన్ భద్రతకి సంబంధించిన నియమాలు చేసే అధికారం కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థకి ఇచ్చింది. ఆ అధికారంతో వచ్చినవే పైన చెప్పిన 2010, 2023 నియమాలు. అంతకు ముందు 1956 నాటి ఇండియన్ ఎలక్ట్రిసిటీ రూల్స్ ఉండేవి. పాత మేస్త్రులు ఇప్పటికీ "ఐఈ రూల్స్" అంటారు, వాళ్లు చెప్పేది వాటి గురించే. నియమాలు ఏం ఉండాలో చెబుతాయి. ఎర్త్ ఉండాలి, లీకేజీకి రక్షణ ఉండాలి, న్యూట్రల్‌లో విడిగా ఫ్యూజు గానీ స్విచ్ గానీ ఉండకూడదు, పని లైసెన్సున్న కాంట్రాక్టరు చేత చేయించాలి, ఇలా.

ఎలా చేయాలో చెప్పేవి భారతీయ ప్రమాణాల సంస్థ స్టాండర్డులు. ఇంటి వైరింగ్‌కి ఐఎస్ 732, ఇప్పుడు నడుస్తున్నది 2019 నాటిది. ఎర్తింగ్‌కి ఐఎస్ 3043, అది 2018 నాటిది. ఈ రెండూ దగ్గరుంటే ఇంటి పనికి సంబంధించి తొంభై శాతం ప్రశ్నలకి జవాబు దొరుకుతుంది. ఇవి కాక ఒక్కో వస్తువుకి ఒక్కో స్టాండర్డు ఉంది. పీవీసీ వైరుకి ఐఎస్ 694, ప్లగ్గులకీ సాకెట్లకీ ఐఎస్ 1293, ఆర్‌సీసీబీకి ఐఎస్ 12640. వీటిని మీరు చదవక్కర్లేదు. వస్తువు మీద ఐఎస్ఐ గుర్తు, దాని పైన స్టాండర్డు నంబరు, కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరు ఉన్నాయా అని చూస్తే చాలు. ఆ లైసెన్సు నంబరుని ప్రమాణాల సంస్థ వాళ్ల బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఏ కంపెనీదో, ఇంకా చెల్లుతోందో లేదో తెలిసిపోతుంది. నా షాపులోనే నిలబడి కొట్టి చూసుకోండి, నేనేమీ అనుకోను. ఇళ్లకి వాడే వైర్లు, స్విచ్‌లు, ఎంసీబీలు ఐఎస్ఐ గుర్తు లేకుండా అమ్మకూడదని 2003 నుంచే కేంద్రం ఉత్తర్వు ఉంది.

మూడోది నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్. 1985లో మొదట వచ్చింది, 2011లోనూ 2023లోనూ మార్చారు. ఇది పెద్ద గైడు. ఇల్లు, ఆసుపత్రి, ఫ్యాక్టరీ, పొలం అని విడివిడిగా చెప్పుకుంటూ పోతుంది. భవనాలకి నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016 కూడా ఉంది, దాని ఎనిమిదో భాగంలో కరెంటు పని గురించి రాశారు. ఇంటి యజమాని మొదలుపెట్టాల్సింది వీటితో కాదు. ముందు నియమాలు, తర్వాత ఐఎస్ 732, ఎర్త్ కోసం ఐఎస్ 3043. ఆ వరుసలో వెళ్తే దారి తప్పరు. స్టాండర్డులు భారతీయ ప్రమాణాల సంస్థ వెబ్‌సైటులో పేరు నమోదు చేసుకుని ఉచితంగా దించుకోవచ్చు. తెలుగులో మాత్రం లేవు. ఆ సంగతికి మళ్లీ వస్తాను.

దారి తప్పించేది ఇంకొకటి ఉంది, అది ప్రాణాంతకం కూడా. ఇప్పుడు పని నేర్చుకునే కుర్రాళ్లందరూ యూట్యూబులో చూస్తున్నారు. మంచిదే. కానీ అమెరికాలోనూ కోడ్ పేరు నేషనల్ ఎలక్ట్రికల్ కోడే. అక్కడ ఇంటి సప్లయి 120 వోల్టులు, నల్ల వైరు ఫేజు, తెల్ల వైరు న్యూట్రల్. మన దగ్గర ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్త్. ఆ వీడియో చూసిన చేత్తో మన బోర్డు విప్పితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట వైపు నుంచి గల్ఫ్ వెళ్లి పని నేర్చుకుని వచ్చినవాళ్లకి గోధుమ రంగు ఫేజు, నీలం న్యూట్రల్ అని అలవాటు. మన మిక్సీ, ఇస్త్రీ పెట్టె త్రాళ్లలో కూడా ఆ రంగులే ఉంటాయి. కానీ మన త్రీ ఫేజు వైరింగ్‌లో నీలం అంటే మూడో ఫేజు. త్రాడులో న్యూట్రలైన రంగు, స్తంభం నుంచి వచ్చిన చోట ఫేజు. ఎంత అనుభవం ఉన్నా సరే, రంగు చూసి ముట్టుకోకండి. టెస్టరు పెట్టి చూశాకే ముట్టుకోండి.

ఇప్పుడు మేస్త్రి సంగతి. ఏదైనా జరిగితే అందరూ అతన్నే అంటారు. నాకు అది న్యాయంగా అనిపించదు. మన దగ్గర కరెంటు పని పాయింటు లెక్కన మాట్లాడుకుంటారు. లైటుకి ఒక పాయింటు, ఫ్యానుకి ఒకటి, ప్లగ్గుకి ఒకటి, పాయింటుకి ఇంత అని. ఎర్త్ వైరు ప్రతి ప్లగ్గుకీ, ప్రతి స్విచ్ బోర్డుకీ లాగడం పాయింటు కిందకి రాదు. ఒక్కో గదికి న్యూట్రల్ విడిగా తేవడం కూడా రాదు. జాయింటుని పైపు మధ్యలో టేపు చుట్టి వదిలేయకుండా జంక్షన్ బాక్సులోకి తేవడం వల్ల అతనికి పావు రోజు పోతుంది, ఒక్క రూపాయి ఎక్కువ రాదు. మంచి మేస్త్రి ఇవన్నీ తన మనసుకి చేస్తాడు. మనం ఇచ్చే డబ్బుల్లో మాత్రం ఇవి లేవు.

కాబట్టి కోడ్ మీ ఇంట్లోకి రావాలంటే మొదట పని ఒప్పుకునే కాగితంలోకి రావాలి. తెల్ల కాగితం మీద నాలుగు ముక్కలు చాలు. ఒక లైటింగ్ సర్క్యూట్ మీద పది పాయింట్లకి మించి, 800 వాట్లకి మించి వేయకూడదు. 16 ఆంపియర్ల సాకెట్లు ఒక సర్క్యూట్ మీద రెండుకి మించకూడదు. రెండూ ఐఎస్ 732 ఏళ్ల తరబడి చెబుతున్న లెక్కలే. ప్రతి సాకెట్‌కీ ఎర్త్ వైరు రావాలి. స్విచ్ ఎప్పుడూ ఫేజు మీదే ఉండాలి. పైపులోపల జాయింటు ఉండకూడదు. ప్రతి సర్క్యూట్‌కీ దాని న్యూట్రల్ దానికే ఉండాలి. ఇవి రాసి, వీటికి విడిగా ఇంత ఇస్తానని రాస్తే మేస్త్రి సంతోషంగా చేస్తాడు. నా షాపుకి వచ్చే వైరింగ్ మేస్త్రుల్లో చాలామంది, "ఓనరు అడిగితే మేం ఎందుకు చెయ్యం అన్నయ్యా" అంటారు. అడిగేవాళ్లే తక్కువ.

వైరు సైజు దగ్గర కూడా ఒక గొడవ ఉంది. పాత లిస్టుల్లో ఇప్పటికీ 1/18, 3/20, 7/20 అని రాసి తెస్తారు. 3/20 అంటే మూడు పోగులు, 20 గేజు అని అర్థం. 20 గేజు తీగ మందం 0.914 మిల్లీమీటర్లు. మూడు పోగుల అడ్డుకోత విస్తీర్ణం లెక్క వేస్తే రెండు చదరపు మిల్లీమీటర్ల కన్నా కాస్త తక్కువ వస్తుంది. పవర్ ప్లగ్గుకి ఇప్పుడు వేయాల్సింది 2.5. "3/20, టూ పాయింట్ ఫైవ్ రెండూ ఒకటే" అని చెప్పుకుంటారు గానీ ఒకటి కాదు. గీజరుకీ, ఏసీకీ 4 చదరపు మిల్లీమీటర్లు అడగండి. పాత భాషలో లిస్టు రాసుకోవడం తప్పు కాదు, కొనేటప్పుడు మాత్రం కాయిల్ మీద అచ్చు వేసిన సైజు చూసి తీసుకోండి.

ఇక ఆర్‌సీసీబీ పెట్టినవాళ్ల ఇళ్లలో జరిగేది. కొన్నాళ్లు పోయాక "అది ఊరికే పడిపోతోంది, తీయించేశాం" అంటారు. ఈ మాట విన్నప్పుడల్లా నాకు నిజంగా టెన్షన్ వస్తుంది, ఎందుకంటే అది ఊరికే పడదు. ఇళ్లలో కారణం తరచుగా ఇన్వర్టరు. ఇన్వర్టరు బిగించడానికి వచ్చిన కుర్రాడు దాని న్యూట్రల్‌ని దగ్గర్లో దొరికిన న్యూట్రల్‌కి కలిపేస్తాడు. ఇక ఆర్‌సీసీబీ లోంచి వెళ్లిన కరెంటు వేరే దారిలో తిరిగొస్తుంది. లెక్క తప్పుతుంది, పడిపోతుంది. ఇంకో కారణం, ఎక్కడో న్యూట్రల్ తెగిపోతే ఎర్త్ వైరునే న్యూట్రల్‌గా వాడేయడం. లైటు వెలుగుతుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు. ఆర్‌సీసీబీ ఒక్కటే పట్టిస్తుంది. మూడోది తేమ. అక్టోబరు, నవంబరు వానల్లో శ్లాబు చెమ్మగిల్లి, గోడలోని పైపుల్లోకి నీళ్లు దిగితే కొద్దికొద్దిగా లీకవుతుంది. ఈ మూడిట్లో ఏ ఒక్కటీ ఆర్‌సీసీబీ తప్పు కాదు. దాన్ని బైపాస్ చేయించడం అంటే లోపం అలాగే ఉంచి, చెప్పే నోరు మూయించడం. మంచి ఎలక్ట్రీషియన్‌ని పిలిచి సర్క్యూట్లు ఒక్కొక్కటే వేరుచేసి చూడమనండి. ఎక్కడుందో దొరుకుతుంది.

ఆర్‌సీసీబీ మీద 'టి' అని రాసి ఒక చిన్న బటన్ ఉంటుంది. నెలకోసారి నొక్కాలి. నొక్కగానే పడాలి. పడకపోతే అది పాడైపోయినట్టే.

మన నేలల గురించి కొంచెం. ఐఎస్ 3043 ప్రకారం పైపు ఎలక్ట్రోడ్ కనీసం రెండున్నర మీటర్ల పొడవుండాలి. పలక అయితే 60 సెంటీమీటర్ల చదరం, జీఐ (జింకు పూత వేసిన ఇనుము) అయితే 6.3 మిల్లీమీటర్ల మందం, దాని పై అంచు నేలకి కనీసం మీటరున్నర లోతులో ఉండాలి. చాలా ఇళ్లలో నేను చూసిన గొయ్యి మోకాలి లోతుకి కొంచెం ఎక్కువ. ఉద్దానం వైపు పై ఇసుక ఎండాకాలంలో పొడిపొడిగా ఉంటుంది, అందులో ఎర్త్ పట్టదు. తడి ఉన్న లోతుకి వెళ్లాల్సిందే. సముద్రానికి దగ్గరైన ఊళ్లలో ఉప్పు తేమకి నిరోధం తక్కువే వస్తుంది, కానీ జీఐ పైపు, క్లాంపు, నట్టు అన్నీ తుప్పు పట్టిపోతాయి. గొయ్యి పైన సిమెంటుతో పూర్తిగా మూసేసి, మీద తులసికోటో గచ్చో కట్టేస్తే ఆ తుప్పు ఎవరికీ కనబడదు. మూత తీసి చూసే వీలు ఉంచుకోవాలి, వేసవిలో నీళ్లు పోయాలి.

తుఫాను వెళ్లాక జరిగేది కూడా చెప్పాలి. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ. రెండింటి తర్వాతా రోజుల తరబడి కరెంటు లేదు. బయట స్తంభాలు నిలబెట్టడం మీదే అందరి దృష్టీ ఉంటుంది, ఉండాలి కూడా. కానీ నీళ్లు చేరిన ఇంట్లో స్విచ్ బోర్డు తడిగా ఉండగానే సప్లయి వచ్చేస్తే ఆ ఇంట్లోవాళ్లకి ప్రమాదం. అలాంటప్పుడు మెయిన్ ఆపి ఉంచి, మెగ్గరు, అంటే ఇన్సులేషన్ నిరోధం కొలిచే మీటరు, పెట్టించి చూడాలి. 500 వోల్టుల మెగ్గరుతో ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య ఇన్సులేషన్ నిరోధం కనీసం ఒక మెగా ఓమ్ రావాలి, నియమాల్లో ఉన్న అంకె అదే. రాకపోతే బోర్డులు విప్పి ఆరబెట్టాకే మెయిన్ వేయాలి. పక్కింటికి కరెంటు వచ్చిందని మనం తొందరపడకూడదు.

పండగ లైటింగ్ కూడా ఈ లెక్కలోదే. దసరా తర్వాత వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి ఊరంతా జనం. పందిళ్లకీ, తోరణాలకీ లాగే వైర్లు ఇనప గొట్టాల మీదుగా, తడి నేల మీదుగా వెళ్తాయి. తాత్కాలికమైనా రూలు రూలే. జనం చేయి పెట్టే చోట, ఇనప స్టేజీకి, ఒక ఆర్‌సీసీబీ ఉన్న బోర్డు నుంచే సప్లయి ఇవ్వాలి. పందిరి కమిటీలు ఈ ఒక్కటి అడిగితే చాలు, లైటింగ్ వాళ్లు పెడతారు.

నాతో వాదించేవాళ్లు రెండు మాటలు అంటారు. ఒకటి, మా తాతల నుంచీ ఏ ఆర్‌సీసీబీ లేకుండానే బతికాం అని. నిజమే. అప్పుడు చెక్క బద్దల మీద వైరింగ్, రెండు బల్బులు, ఒక ఫ్యాను. ఇప్పుడు అదే ఇంట్లో రెండు వేల వాట్ల గీజరు, రెండు వేల వాట్ల ఇండక్షన్ స్టవ్, ఏసీ, బాత్రూమ్ పక్కనే వాషింగ్ మెషీను. నీళ్లకి పక్కనే ఇనప బాడీలున్న సామాన్లు ఇన్ని ఎప్పుడూ లేవు. పూర్వం ఇనప నీళ్ల గొట్టం భూమిలోకి వెళ్లేది, తెలిసో తెలియకో అదీ కొంత ఎర్త్‌లా పనిచేసేది. ఇప్పుడు గొట్టాలన్నీ ప్లాస్టిక్.

రెండోది, ఖర్చు. సింగిల్ ఫేజు ఇంటికి మంచి కంపెనీ ఆర్‌సీసీబీ రెండు మూడు వేల రూపాయల్లో వస్తుంది. గుమ్మం మీద చెక్కుడు పనికి, పోర్టికోలో ఫాల్ సీలింగ్‌కి దానికి ఎన్నో రెట్లు పెడుతున్నాం. పెట్టవద్దు అనను. కాలనీల్లో చిన్న ఇల్లు కట్టుకునేవాళ్లకి ఆ రెండు వేలు బరువే, అది నాకు తెలుసు. అందుకే వాళ్లకి ఇది ఇంటి పథకంలోనే రావాలి, స్విచ్ బోర్డు ఎలా వస్తుందో అలాగే.

ఇక కొత్త సర్వీసు ఇచ్చే ముందు పెట్టే టెస్టు రిపోర్టు. కోడ్‌కీ మీ ఇంటికీ ముఖాముఖి జరిగేది ఆ ఒక్క రోజునే. లైసెన్సున్న కాంట్రాక్టరు పరీక్షించి, ఇన్సులేషన్ ఇంత వచ్చింది, ఎర్త్ ఇంత వచ్చింది అని రాసి సంతకం పెట్టాలి. మెగ్గరు గుమ్మం లోపలికి రాకుండానే అంకెలు నిండిపోయిన రిపోర్టులు నేను చూశాను. సంతకం ఒకరిది, పని ఇంకొకరిది. ఆ కాగితం కాపీ ఇంటి యజమాని దగ్గర ఉండదు, అందులో ఏముందో అతనికి తెలియదు. ఇక్కడ తప్పు ఒక్కరిది అనలేను. అడగాల్సిన ఇంటివాడికి ఏం అడగాలో ఎవరూ చెప్పలేదు.

నేను కోరేది పెద్దదేమీ కాదు. ఆ రిపోర్టుకి తెలుగులో ఒక్క పేజీ జత చేయాలి. ఇన్సులేషన్ ఎన్ని మెగా ఓమ్‌లు, ఎర్త్ ఎన్ని ఓమ్‌లు, ఆర్‌సీసీబీ బటన్ నొక్కితే పడిందా, ప్రతి సాకెట్‌లో ఫేజు కుడివైపే ఉందా, ఏ తేదీన ఎవరు చూశారు. కింద ఇంటి యజమాని సంతకం కూడా ఉండాలి, అంకెలు తన కళ్లతో చూశానని. రూలు రాసినవాళ్లు తెలుగులో రాయలేదు, సరే. అది మన ఇళ్లకి వర్తించే చోట తెలుగులో పెట్టడానికి ఏ కొత్త చట్టమూ అక్కర్లేదు. కరెంటు సెక్షన్ ఆఫీసు స్థాయిలోనే చేయొచ్చు. ఐటీఐల్లో వైర్‌మన్, ఎలక్ట్రీషియన్ ట్రేడు చదివే పిల్లల చేత పాఠంగా చేయించొచ్చు కూడా. ఐఎస్ 732లో ఇంటికి సంబంధించిన పేజీలు తెలుగులో చెప్పుకోవడం వాళ్లకి పరీక్షకీ పనికొస్తుంది, రేపు పనికీ పనికొస్తుంది.

ఆ పేజీ వచ్చేదాకా మీరే అడగండి. గోడలకి ప్లాస్టరింగ్ అవకముందే పైపుల ఫొటోలు తీసి పెట్టుకోండి. మెగ్గరు రీడింగు మీ ఎదుటే తీయమనండి, అంకె మీ ఫోనులో ఫొటో తీసుకోండి.

అద్దె ఇళ్లలో ఉన్నవాళ్లు తరచూ అడుగుతుంటారు, మా ఇంటికి ఎర్త్ వైరే లేదు, మేమేం చెయ్యగలం అని. పాత పెంకుటిళ్లలో, రెండు వైర్లే ఉన్న చోట, మొత్తం వైరింగ్ మార్చడం మీ చేతిలో లేదు. కానీ మీటరు తర్వాత మెయిన్ దగ్గర ఆర్‌సీసీబీ పెట్టించుకోవచ్చు, ఎర్త్ లేకపోయినా అది పనిచేస్తుంది. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు విప్పి తీసుకెళ్లొచ్చు. లైసెన్సున్న మనిషి చేతే బిగించండి. బల్బు, ఫ్యాను, స్విచ్, ఫ్యూజు లాంటివి మార్చుకోవడం వరకే ఇంట్లోవాళ్లకి నియమాలు వదిలాయి. మీటరు దగ్గర, స్తంభం నుంచి వచ్చే సర్వీసు వైరు దగ్గర తేడా కనబడితే మీరూ మీ మేస్త్రీ కూడా చెయ్యి పెట్టవద్దు, 1912కి ఫోన్ చేయండి. ఆర్‌సీసీబీ కొనేటప్పుడు దాని మీద 30 మిల్లీ ఆంపియర్లు అని ఉందో లేదో చూసుకోండి. వంద, మూడొందల మిల్లీ ఆంపియర్లవి కూడా అదే డబ్బాలో, అదే రంగులో వస్తాయి. అవి మనిషిని కాపాడడానికి చేసినవి కావు.